మిర్చి తొడిమలు తీసే మిషన్‌కి పేటెంట్ తీసుకోవాలా, వద్దా?

చదివేవాళ్లందరికీ విషయం తెలియాలి కాబట్టి మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను. గుంటూరు ఆటోనగర్‌లో మీకు లేత్ షాపు ఉంది. మీరూ మీ బావగారూ కలిసి ఎండుమిర్చి తొడిమలు తీసే మిషన్ చేశారు. పోయిన సీజన్లో మొదటి మోడల్ కొన్ని మిర్చి యార్డు వ్యాపారులకు అమ్మారు. ఇప్పుడు మీ వెనక వీధిలో ఇంకో షాపాయన అచ్చం అలాంటిదే చేసి తక్కువకు ఇస్తున్నాడు. ఈలోగా మీరు రెండో మోడల్ తయారుచేశారు. ఇందులో కాయ లావు సన్నాన్ని బట్టి రోలర్ల మధ్య గ్యాప్ దానంతటదే సర్దుకుంటుంది. కాయ విరగడం, గింజ రాలడం బాగా తగ్గాయి. ఇది ఇంకా షాపు దాటలేదు. ఒక కన్సల్టెంట్ లక్షన్నర అడిగి "పేటెంట్ సర్టిఫికెట్ గ్యారంటీ" అన్నాడు. మీ ఆడిటర్ గారేమో "అవన్నీ పెద్ద కంపెనీలకండీ, మనకెందుకు" అన్నారు. ఎవరి మాట వినాలి, అసలు పేటెంట్ వల్ల వ్యాపారానికి ఒరిగేదేమిటి అని అడిగారు.

నేను మొదట ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజినీరుగా చేసి, తర్వాత చాలా ఏళ్లుగా విజయవాడలో పేటెంట్ ఏజెంటుగా పనిచేస్తున్నాను. నా జవాబు ఇది. మొదటి మోడల్ సంగతి వదిలేయండి, దానికి దారి మూసుకుపోయింది. రెండో మోడల్‌కు తీసుకోండి. మిషన్ మొత్తం మీద వద్దు, గ్యాప్ సర్దుకునే ఏర్పాటు మీద మాత్రమే వేయండి. కొత్త మిషన్ ఒక్కటి కూడా షాపు గడప దాటకముందే వేయండి. ఇక గ్యారంటీ మాట. మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. అక్కడ ఎగ్జామినర్ పాత పేటెంట్లన్నీ వెతికి, అభ్యంతరాలు రాసి, మీ సమాధానం చూశాకే గ్రాంట్ చేస్తారు, అంటే పేటెంట్ మంజూరు చేస్తారు. ముందే గ్యారంటీ ఇచ్చేవాళ్లు మీకు పనికిరాని పేటెంట్ తెచ్చి చేతిలో పెట్టే అవకాశమే ఎక్కువ. ఆ సంగతి కింద వివరంగా చెప్తాను.

పేటెంట్ అంటే "ఇది నేను కనిపెట్టాను" అని ప్రభుత్వం ఇచ్చే మెచ్చుకోలు పత్రం అని చాలామంది అనుకుంటారు. కాలేజీల్లో ర్యాంకింగుల కోసం పుట్టలు పుట్టలుగా దరఖాస్తులు వేయడం చూసి ఆ భ్రమ ఇంకా పెరిగింది. 1970 పేటెంట్ల చట్టం 48వ సెక్షన్ ఇచ్చేది ఒకే ఒక హక్కు: మీ అనుమతి లేకుండా ఆ వస్తువును ఇంకొకరు తయారు చేయకుండా, వాడకుండా, అమ్మజూపకుండా, అమ్మకుండా, దిగుమతి చేయకుండా ఆపే హక్కు. దరఖాస్తు వేసిన తేదీ నుంచి 20 ఏళ్లు, మన దేశంలో మాత్రమే. మీ మిషన్ మీరు చేసుకునే హక్కు కూడా అందులో లేదు. వినడానికి వింతగా ఉంటుంది గాని నిజం. ఆవిరి ఇంజన్ జేమ్స్ వాట్‌కే అది జరిగింది. 1780లో జేమ్స్ పికార్డ్ అనే ఆయన ఆవిరి ఇంజన్‌కు క్రాంకు (ముందుకూ వెనక్కూ ఆడే కదలికను చక్రం తిప్పేలా మార్చే వంకర ఇరుసు) బిగించే పద్ధతి మీద పేటెంట్ తీసుకున్నాడు. వాట్ తన ఇంజన్‌తో చక్రం తిప్పాలంటే ఆ క్రాంకు వాడే వీల్లేక, 1781లో పళ్లచక్రాలతో వేరే ఏర్పాటు కనిపెట్టుకోవాల్సి వచ్చింది. అందుకే నా దగ్గరకు వచ్చే వాళ్లను నేను మొదట అడిగేది "ఏం కనిపెట్టారు" అని కాదు, "ఎవరిని, ఏ పని చేయకుండా ఆపితే మీకు డబ్బు మిగులుతుంది" అని. దానికి జవాబు లేకపోతే పేటెంట్ ఖర్చు దండగే. మీకు జవాబు ఉంది, వెనక వీధిలోనే ఉంది.

ఇక మొదటి మోడల్‌కు దారి ఎందుకు మూసుకుపోయిందో చెప్తాను. దరఖాస్తు తేదీకి ముందే మన దేశంలో పది మంది ఎరిగేలా వాడకంలోకి వచ్చినదానికి పేటెంట్ రాదు. పొరపాటున వచ్చినా 64వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. మీరు డబ్బు తీసుకుని వ్యాపారులకు అమ్మారు, సీజన్ పొడవునా యార్డు చుట్టుపక్కల నడిచాయి, ఎవరైనా పోయి చూడొచ్చు. "మా మిషనే కదా, మేమే కదా చూపించింది" అంటే చట్టం ఒప్పుకోదు. మినహాయింపులు ఉన్నా చాలా ఇరుకైనవి. జనంలో నడిపితే తప్ప పరీక్షించడం కుదరని వాటికి ఏడాది లోపు ట్రయల్ అని 32వ సెక్షన్‌లో ఉంది. అది ట్రయల్ వరకే, అమ్మకానికి వర్తించదు. కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన ఎగ్జిబిషన్లో పెడితే 12 నెలల వెసులుబాటు 31వ సెక్షన్‌లో ఉంది. ఊళ్లో జరిగే ప్రతి వ్యవసాయ ప్రదర్శనా ఆ లెక్కలోకి రాదు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన వీడియో, యూట్యూబ్‌లో పెట్టిన డెమో అసలే రావు. రెండో మోడల్ వీడియో ఇప్పటిదాకా ఎవరికీ పంపలేదని రాశారు. దరఖాస్తు నంబరు చేతికొచ్చేదాకా అలాగే ఉండండి. ఎవరికైనా చూపించక తప్పకపోతే, బయటకు చెప్పనని ముందు సంతకం తీసుకుని చూపించండి.

అయితే మొదటి మోడల్ వల్ల మీకు ఇప్పటికీ ఒక ఉపయోగం ఉంది. వెనక వీధి ఆయనే రేపు దాని మీద పేటెంట్ వేసి మిమ్మల్ని బెదిరిస్తాడేమో అని భయపడ్డారు. వేయొచ్చు, కానీ నిలబడదు. మీరు అమ్మిన బిల్లులు, తేదీలున్న ఫోటోలు, కొన్న వ్యాపారుల పేర్లు భద్రంగా పెట్టుకోండి. పేటెంట్ ఆఫీసు దరఖాస్తును ప్రచురించాక, గ్రాంట్ కాకముందు, 25(1) సెక్షన్ కింద ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. మీ బిల్లులే అక్కడ సాక్ష్యం. ఆయన పేటెంట్ తీసుకోలేడు, మీరూ తీసుకోలేరు. మొదటి మోడల్ ఇప్పుడు అందరిదీ.

రెండో మోడల్ విషయంలో డబ్బంతా ఎక్కడుందో చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి. పేటెంట్‌లో చివర 'క్లెయిమ్‌లు' అని ఉంటాయి. పొలం దస్తావేజులో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు రాసినట్టు, మీ హక్కు ఎక్కడిదాకా ఉందో చెప్పేవి అవే. మిగతా పేజీలన్నీ వాటికి వివరణ. కోర్టులో జడ్జిగారు చూసేది క్లెయిమ్‌నే. అందులో ఉన్న ముఖ్యమైన అంశాలన్నీ అవతలివాడి మిషన్లో ఉంటేనే ఉల్లంఘన. ఒక్కటి లేకపోయినా సాధారణంగా తప్పించుకుంటాడు.

మీరు పంపిన వివరం బట్టి క్లెయిమ్ ఒకటి ఇలా రాశారనుకుందాం: "ట్రే నుంచి జారే ఎండుమిర్చి కాయలను ఎదురెదురుగా తిరిగే రెండు రబ్బరు రోలర్ల మధ్యకు పంపి, స్ప్రింగుతో ఆ రోలర్ల మధ్య దూరం మారుతూ, అడుగున ఫ్యాను తొడిమలను ఊదివేసే మిషన్." ఎగ్జామినర్ దీన్ని హాయిగా ఒప్పుకోవచ్చు, ఎందుకంటే చాలా ఇరుకుగా ఉంది. గ్యారంటీ ఇచ్చేవాళ్లు రాసేవి ఇలాగే ఉంటాయి. సర్టిఫికెట్ వస్తుంది, ఫ్రేము కట్టి గోడకు పెట్టుకోవచ్చు. మర్నాడు వెనక వీధి ఆయన రబ్బరు బదులు నైలాన్ వేస్తాడు, లేదా స్ప్రింగు బదులు బరువు వేలాడదీస్తాడు, లేదా ఫ్యాను తీసేసి జల్లెడ పెడతాడు. అంతే, మీ హద్దు దాటి బయట ఉన్నాడు.

ఇప్పుడు ఇలా రాస్తే? "ఎదురెదురుగా తిరిగే కనీసం ఒక జత పట్టు రోలర్లు, రోలర్ల మధ్యకు వచ్చే కాయ మందానికి తగ్గట్టు, మిషన్ నడుస్తుండగానే, ఆ రోలర్ల మధ్య ఖాళీని సర్దే ఏర్పాటు, తొడిమ పట్టుబడినా కాయ చర్మం మీద ఒత్తిడి ఒక హద్దు దాటకుండా ఆ ఏర్పాటు అమరి ఉండటం." ఇందులో రబ్బరు లేదు, స్ప్రింగు లేదు, ఫ్యాను లేదు. వాటిని కింది క్లెయిమ్‌లలో ఒక్కొక్కటిగా పెట్టాలి: "ఒకటో క్లెయిమ్‌లో చెప్పిన ఏర్పాటు స్ప్రింగు అయినది" అని, తర్వాత "రోలర్ల పైపొర రబ్బరు అయినది" అని. వెడల్పుగా రాసినది పాత పేటెంట్‌కు తగిలి పడిపోతే, వెనక్కు జరిగి నిలబడటానికి కింద మెట్లు ఉంటాయి. మీరిచ్చే ఫీజులో ఎక్కువ భాగం ఈ ఒక్క పేజీకే అనుకోండి. ఏజెంటును ఎంచుకునేటప్పుడు ఇంతకుముందు ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చాడని అడగకండి. "నా పోటీదారు దీన్ని ఎలా తప్పించుకోగలడు" అని అడగండి. గట్టివాడైతే కాగితం తీసుకుని గీసి చూపిస్తాడు.

రోలర్లతో తొడిమ లాగడం పాత విషయమే, ఆ రకం మిషన్లు బయట దేశాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. కాబట్టి ట్రే, రోలరు, ఫ్యాను అన్నీ కలిపి "మా మిషన్" అంటే చట్టంలోని 3(f) క్లాజు అడ్డం వస్తుంది. తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, ఏది పని అది విడిగా చేసుకుంటూ ఉంటే అది ఆవిష్కరణ కాదని ఆ క్లాజు చెబుతుంది. మీ ఫ్యాను తొడిమలు ఊదుతుంది, అంతే. రోలర్లకూ దానికీ సంబంధం లేదు. గ్యాప్ సర్దుకోవడం అలాంటిది కాదు. మిర్చి రకాల్లో తేజ సన్నగా, పొట్టిగా ఉంటుంది. బ్యాడిగి ముడతలు పడి పొడవుగా ఉంటుంది. 334 ఆ రెంటికీ భిన్నం. ఒకే గ్యాప్‌తో ఒకదానికి తొడిమ రాదు, ఇంకొకదానికి కాయ పగులుతుంది. నడుస్తుండగానే ఖాళీ మారడం వల్ల రోలరు చేసే పనే మారిపోతోంది. వాదించాల్సింది దాని గురించే.

వర్క్‌షాపులు నడిపే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. ఉత్తరప్రదేశ్ మీర్జాపూర్‌లో హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ ఇత్తడి, జర్మన్ సిల్వర్ పాత్రలు చేసేది. లేత్ మీద పాత్రను కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటుకు 1951 నాటి దరఖాస్తు మీద పేటెంట్ తెచ్చుకుంది. పక్క సంస్థ బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ అదే పద్ధతి వాడిందని దావా వేసింది. అలహాబాద్ హైకోర్టులో ఒక బెంచి అటు, ఒక బెంచి ఇటు చెప్పాయి. చివరకు 1978లో సుప్రీంకోర్టు పేటెంట్ రద్దు చేసింది. తెలిసిన భాగాలకు చిన్న మార్పు చేయడం మంచి మిస్త్రీ ఎవరైనా చేసే వర్క్‌షాపు మెరుగుదల, పేటెంట్‌కు అంతకు మించినది ఉండాలి అని దాని సారాంశం. ఈ రోజుకీ ఎగ్జామినర్లు ఈ తీర్పును ముందు పెడతారు. నాకు ఈ కేసంటే ప్రత్యేకమైన గౌరవం, కొంత బాధ కూడా. మీర్జాపూర్‌లో పాత్ర లేత్ మీద నుంచి ఎగిరిపోకుండా ఆపాలని ఆలోచించినవాడూ, గుంటూరులో కాయ విరగకుండా ఆపాలని ఆలోచించినవాడూ ఒకే జాతి మనుషులు. వాళ్ల తెలివి "చిన్న మార్పే కదా" అన్న మాట దగ్గర ఓడిపోకూడదు.

దానికి మందు లెక్క రాసిపెట్టుకోవడమే. మొదటి మోడల్, రెండో మోడల్ పక్కపక్కన పెట్టి, తేజ, 334, బ్యాడిగి మూడింటినీ వేర్వేరుగా, ఎండినవీ కొంచెం చెమ్మ ఉన్నవీ నడపండి. విరిగిన కాయ, రాలిన గింజ, తొడిమ రాని కాయ విడివిడిగా తూకం వేయండి. తేదీ వేసి నోటుబుక్‌లో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మీరు గ్యాప్‌కు ముందు ఇంకేవైనా ప్రయత్నించి కుదరక వదిలేసి ఉంటే అవీ రాయండి. అందరికీ తట్టే మార్పే అయితే ఆ ప్రయత్నాలన్నీ ఎందుకు పోయాయి అన్న వాదనకు అదే బలం. చట్టం అడిగేది కూడా ఇదే: పాతదాని కంటే సాంకేతికంగా ముందడుగో, ఆర్థికంగా విలువో ఉండాలి, ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టకూడదు.

వెతుకులాట మీరే మొదలుపెట్టొచ్చు. మన పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతికే సదుపాయం ఉంది, గూగుల్ పేటెంట్స్ ఉంది. వెతికేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. అమెరికాలోనో చైనాలోనో ఉన్న పేటెంట్ మన దేశంలో వేయకపోతే దాన్ని ఇక్కడ వాడుకోవడానికి అడ్డు లేదు. గడువు తీరినవి, ఫీజు కట్టక పడిపోయినవి కూడా అంతే. కానీ అవే మీ దరఖాస్తును కొత్తది కాదని కొట్టేయడానికి పనికొస్తాయి. చిన్న షాపులకు నేనిచ్చే సలహాల్లో బాగా పనికొచ్చినది ఇదే: పేటెంట్ తీసుకోకపోయినా సరే, గడువు తీరిన పేటెంట్లు చదవండి. బొమ్మలతో, కొలతలతో, ఎందుకలా చేశారో కారణాలతో సహా ఉంటాయి. ఒకరికి 20 ఏళ్లు హక్కు ఇచ్చి, బదులుగా రహస్యం రాయించుకున్నది ఆ తర్వాత అందరూ వాడుకోవడానికే.

ఆడిటర్ గారి మాటకు వద్దాం. ఆయన అనుమానం ఊరికే వచ్చింది కాదు. బజాజ్ తన రెండు స్పార్క్ ప్లగ్గుల డీటీఎస్-ఐ ఇంజన్ పేటెంట్‌ను టీవీఎస్ ఫ్లేమ్ బైక్ ఉల్లంఘించిందని అనడంతో 2007లో గొడవ మొదలైంది. 2008 ఫిబ్రవరిలో మద్రాస్ హైకోర్టు టీవీఎస్‌ను ఆపింది. టీవీఎస్ వెంటనే ఒకే ప్లగ్గుతో బండి తెచ్చింది. 2009లో అదే హైకోర్టులో ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచి ఆ ఉత్తర్వు తీసేసింది. సుప్రీంకోర్టు అదే ఏడాది, అమ్ముకోండి, లెక్కలు పెట్టండి, ఈలోగా కేసు త్వరగా తేల్చండి అంది. రెండు కంపెనీలూ రాజీ పడింది 2019లో. అంత డబ్బున్నవాళ్లకే పన్నెండేళ్లు. మీకూ వెనక వీధి ఆయనకూ కోర్టు చుట్టూ అన్నేళ్లు తిరిగే ఓపిక ఉండదు. పేటెంట్ ఉల్లంఘన క్రిమినల్ కేసు కూడా కాదు, పోలీస్ స్టేషన్‌కు వెళ్లి లాభం లేదు.

అయినా తీసుకోమని ఎందుకంటున్నానంటే, మీ వ్యాపారంలో పేటెంట్ పని కోర్టులో కంటే బేరం దగ్గర ఎక్కువ. కొనేవాడు కోల్డ్ స్టోరేజీ యజమానో, ఎగుమతిదారో. స్టెమ్‌లెస్ (తొడిమ తీసిన) కాయ మీద ఎక్కువ ధర తీసుకునేవాడు. రేపు గొడవ వచ్చి మిషన్ ఆగిపోతుందేమో అన్న అనుమానం ఉంటే కాపీ మిషన్ కొనడానికి వెనకాడతాడు, ఎందుకంటే చట్టం ప్రకారం వాడకం కూడా ఉల్లంఘనే. ఖమ్మంలోనో, వరంగల్‌లోనో, కర్ణాటక బ్యాడగిలోనో ఫ్యాబ్రికేటర్ ఒకడు మీ మిషన్ చేయాలనుకుంటే, మీ దగ్గర హక్కు ఉంటేనే మీతో కూర్చుని మిషన్‌కు ఇంత అని రాయల్టీ మాట్లాడతాడు. లేకపోతే ఒకటి కొని, విప్పి, నకలు చేసుకుంటాడు. బయట దేశం నుంచి కాపీలు దిగినా ఆపే హక్కు మీకు ఉంటుంది. బ్యాంకు లోను సంగతి మాత్రం ఆశ పెట్టుకోకండి. నేను చూసినంతలో మన వైపు మేనేజర్లు స్థలం చూసి, మిషనరీ చూసి ఇస్తారు గాని పేటెంట్ చూసి ఇవ్వరు. పెట్టుబడి పెట్టేవాళ్లు అడుగుతారు. అదీ రెండో ప్రశ్నగానే, మొదటి ప్రశ్న ఎప్పుడూ ఎన్ని అమ్మారనే.

వాట్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, మీకు నేరుగా పనికొస్తుంది. 1769లో పేటెంట్ వచ్చింది గాని ఇంజన్ సరిగా తయారు చేయడానికే ఏళ్లు పట్టింది. భాగస్వామి మాథ్యూ బౌల్టన్ పూనుకుని 1775లో పార్లమెంటు చట్టంతో గడువు 1800 దాకా పొడిగించుకున్నారు. వాళ్లు గనుల యజమానులకు ఇంజన్ ధర కట్టి అమ్మడం కంటే తెలివైన పని చేశారు. పాత న్యూకోమెన్ ఇంజన్‌తో పోలిస్తే ఎంత బొగ్గు మిగులుతోందో లెక్కగట్టి, ఆ మిగిలినదాని విలువలో మూడో వంతు తీసుకున్నారు. పేటెంట్ లేకపోతే ఆ షరతు ఎవరూ ఒప్పుకోరు. మీ దగ్గర బొగ్గు బదులు కూలి ఖర్చు, కాయ విరగడం వల్ల నష్టం ఉన్నాయి. మిషన్‌ను ఒకే ధరకు అమ్మేయకుండా, కోల్డ్ స్టోరేజీల దగ్గర మీరే పెట్టి టిక్కీకి (మిర్చి బస్తాకు) ఇంత అని తీసుకోవడం ఆలోచించండి. కాపీ కొట్టేవాడు అమ్మకం ధర తగ్గించగలడు గాని ఈ పద్ధతిలో మీతో పోటీ పడటం కష్టం, పైగా మిషన్ మీ అదుపులోనే ఉంటుంది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు తొడిమలు తీసేది షెడ్లలో కూర్చున్న ఆడవాళ్లు. సాయంత్రానికి చేతులు మండిపోతాయి, అయినా ఆ కూలి వాళ్లకు ఆధారం. మీ మిషన్ దగ్గర పోసేవాళ్లు, ఏరేవాళ్లు కావాలి కదా, ఆ పని ముందు వాళ్లకే ఇవ్వండి.

అన్నిటికీ పేటెంటే మార్గం కూడా కాదు. స్పానరు పట్టుకుంటే విప్పి చూడగలిగేది ఎలాగూ దాగదు, దాన్ని పేటెంట్ చేయాలి. రోలరు రబ్బరు గట్టితనం ఎంత, ఏ మిశ్రమం, ఎంతసేపు కాల్చారు అన్నది విప్పినా తెలియదు. అలాంటివి బయట పెట్టకుండా ఉంచుకోవడమే మేలు. కాకపోతే ఒక చిక్కుంది. పేటెంట్ చేసిన ఏర్పాటు బాగా పనిచేయడానికి మీకు తెలిసిన ఉత్తమ పద్ధతి దరఖాస్తులో రాయాలని చట్టం అంటుంది, కాబట్టి ఏది అందులో భాగమో ఏది కాదో ఏజెంటుతో కూర్చుని తేల్చుకోండి. పనివాళ్లతో రహస్యం గురించి రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి, ఎందుకంటే మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. మిషన్ బయటి రూపం చూడగానే గుర్తుపట్టేలా ఉంటే డిజైన్ రిజిస్ట్రేషన్ చవక, 15 ఏళ్లు. పేరుకు ట్రేడ్‌మార్క్ వేయండి, పదేళ్లకోసారి రెన్యూ చేసుకుంటూ ఎంతకాలమైనా ఉంటుంది. మీ మరదలు గారి గోంగూర పచ్చడి, కారప్పొడి కొలతల గురించి కూడా అడిగారు. తెలిసిన దినుసులు కలపడం, పరంపరగా వచ్చిన జ్ఞానం పేటెంట్‌కు రావు. దుగ్గిరాల యార్డు పక్కన ఉన్న మనకు పసుపు సంగతి గుర్తుండాలి. గాయాలు మానడానికి పసుపు వాడకం మీద అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం వాళ్లకు 1995లో పేటెంట్ ఇస్తే, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో కొట్టేయించింది. పచ్చడికి మంచి పేరు, ట్రేడ్‌మార్క్, కొలతలు ఇల్లు దాటకపోవడం చాలు.

పేటెంట్ ఉంది కదా అని ఎలాగైనా వాడుకోవచ్చనీ అనుకోకండి. గుంటూరు జిల్లాలో పుట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి గారి నాట్కో మందుల కంపెనీ జర్మనీ కంపెనీ బేయర్‌తో చేసిన పోరాటం ఇందుకు ఉదాహరణ. నెక్సవార్ అనే క్యాన్సర్ మందు నెలకు రూ. 2,80,428 ఉండేది. పేటెంట్ వచ్చి మూడేళ్లు దాటినా జనానికి అందుబాటు ధరలో దొరకడం లేదని 84వ సెక్షన్ కింద నాట్కో కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా తయారు చేసుకునే అనుమతి) అడిగింది. 2012 మార్చి 9న మన దేశంలో మొదటిసారి అది దక్కింది, రూ. 8,880కి అమ్మాలని, బేయర్‌కు 6 శాతం రాయల్టీ ఇవ్వాలని షరతు. తర్వాత అప్పీలులో రాయల్టీ 7 శాతం చేశారు. వ్యూహం అంటే సొంత పేటెంట్లు పోగేయడమే అనుకునేవాళ్లు ఇది గమనించాలి. ఎదుటివాడి పేటెంట్ ఎక్కడ బలహీనమో, చట్టం ఎక్కడ తలుపు తెరిచిందో చదివి వ్యాపారం కట్టుకున్నవాళ్లు మన పక్కనే ఉన్నారు.

ఖర్చులు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు రూ. 1,600, పరీక్ష కోరడానికి రూ. 4,000. త్వరగా చూడమంటే దాని బదులు రూ. 8,000. ఉద్యమ్ ఉన్న చిన్న సంస్థకు ఆ సదుపాయం ఉంది. 30 పేజీలు, 10 క్లెయిమ్‌లు దాటితే అదనం. గ్రాంట్ అయ్యాక రెన్యువల్ ఫీజు, దరఖాస్తు తేదీ నుంచి లెక్కేసి, 3 నుంచి 6వ ఏడాది దాకా ఏడాదికి రూ. 800, 10 దాకా రూ. 2,400, 15 దాకా రూ. 4,800, 20 దాకా రూ. 8,000. పూర్తి 20 ఏళ్లూ కట్టినా రెన్యువల్ రూ. 76,800. మిషన్ పాతబడిపోయి అమ్మకాలు లేకపోతే మధ్యలో ఆపేయండి, తప్పు లేదు. మిగతాది ఏజెంటు ఫీజు. లక్షన్నర అడిగినాయన ఏమేం చేస్తాడో రాసివ్వమనండి: వెతుకులాట, క్లెయిమ్‌లు, ఎగ్జామినర్ అభ్యంతరాలకు సమాధానం, హియరింగు. ఇవన్నీ అందులో ఉంటే ఒక రకం, దరఖాస్తు వేసి చేతులు దులుపుకునేదైతే ఇంకో రకం. స్టార్టప్‌ల కోసం కేంద్రం పెట్టిన పథకంలో ఫెసిలిటేటర్ (దరఖాస్తు పని చేసిపెట్టే ఏజెంటు) ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. మీకు అర్హత ఉందో లేదో ముందు చూసుకోండి.

వరస ఇలా పెట్టుకోండి. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి, తేదీ మీదవుతుంది. కానీ అరపేజీ రాసి పడేయకండి, అందులో లేనిదానికి ఆ తేదీ వర్తించదు. స్ప్రింగు, బరువు, గాలి ఒత్తిడి, మోటారు, గ్యాప్ సర్దడానికి మీకు తట్టిన దారులన్నీ బొమ్మలతో రాయండి. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ (క్లెయిమ్‌లతో సహా మొత్తం వివరం) వేయాలి, విదేశాల్లో వేయాలన్నా ఆ 12 నెలల్లోనే తేల్చుకోవాలి. మామూలుగా 18 నెలలకు ప్రచురణ అవుతుంది, ఫారం 9 ఇస్తే ముందే అవుతుంది. గ్రాంట్ తర్వాతే దావా వేయగలిగినా, నష్టపరిహారం ప్రచురణ తేదీ నుంచి అడగొచ్చు. మీరు ఎలాగూ మిషన్ అమ్మబోతున్నారు కాబట్టి కొత్త కాయ యార్డుకు రాకముందే ప్రచురణ అయ్యేలా చూసుకోవడం మీకు లాభం. అప్పటిదాకా మిషన్ మీద "పేటెంట్ పెండింగ్" అని రాసుకోవచ్చు. గ్రాంట్ కాకుండానే "పేటెంటెడ్" అని రాస్తే పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. వెనక వీధి ఆయనకు ఇప్పుడే నోటీసులు పంపకండి, ఆధారం లేని బెదిరింపు మీద ఆయనే కోర్టుకు వెళ్లే వీలు 106వ సెక్షన్‌లో ఉంది.

చివరగా, మీరు అడగనిది. దరఖాస్తులో ఆవిష్కర్తలుగా ఇద్దరి పేర్లూ వెళ్లాలి, ఒకరిని వదిలేస్తే రేపు అదే రద్దుకు కారణం కావచ్చు. హక్కుదారు మీ ఇద్దరా, ఫర్మా? ఇద్దరి పేర్ల మీద ఉంటే, రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు ఎవరికి వారు సొంతంగా వాడుకోవచ్చు గాని, రెండోవారు ఒప్పుకోకుండా లైసెన్స్ ఇవ్వడం గాని, వాటా అమ్మడం గాని కుదరదు. ఖమ్మం ఫ్యాబ్రికేటర్ డబ్బు పట్టుకుని వచ్చిన రోజున బావగారితో మాట తేడా ఉంటే పేటెంట్ ఉండీ లేనట్టే. కాబట్టి ఫర్మ్ పేరు మీద వేసి, ఇద్దరూ ఫర్మ్‌కు హక్కు రాసిచ్చి, వాటాలు పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో తేల్చుకోండి. డ్రాయింగులు గీసిన కుర్రాడు, రోలర్లు పోత పోసి ఇచ్చిన జాబ్‌వర్క్ వాళ్లు గ్యాప్ ఏర్పాటులో ఏమైనా సొంతంగా చేర్చారా అన్నది కూడా అడిగి, చేర్చి ఉంటే వాళ్ల సంతకం కూడా తీసుకోండి. ఈ కాగితాలు, ఆ తూకాల నోటుబుక్కు, మొదటి మోడల్ బిల్లులు పట్టుకుని ఏ ఏజెంటు దగ్గరకు వెళ్లినా సగం పని అయిపోయినట్టే.